సభలో చోటు, పంక్తిలో చోటు

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట, అల్లవరం మండలం అంచున ఉంది ఓడలరేవు. సముద్రం అడుగు నుంచి గొట్టాల్లో వచ్చే గ్యాసును అందుకునే ఓఎన్‌జీసీ టెర్మినల్ ఆ ఊళ్లోనే ఉంది. బోనం వెంకట చలమయ్య ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కొబ్బరి తోటలు, వరి చేలు, రొయ్యల చెరువులు, వేటకు పోయే పడవలు అన్నీ ఆ చుట్టుపక్కలే. ఈ తీరంలో ఒక మామూలు ప్రశ్న అడిగి చూడండి: కొబ్బరి తోటలోకి ఉప్పునీరు ఎందుకు ఎగదన్నుతోంది? ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టాకు కొత్త మట్టి చేరడం తగ్గిందని భూవిజ్ఞాని చెబుతాడు. సముద్రమట్టం పెరుగుతోందని వాతావరణ శాస్త్రవేత్త అంటాడు. మురుగు కాలవలు పూడిపోయి పోటు సమయంలో నీరు వెనక్కి తంతోందని డ్రెయిన్ల ఇంజనీరు వాదన. చెరువుల వల్లనేనని పక్క చేను రైతు గట్టిగా చెబుతాడు. గ్యాసు తోడెయ్యడం వల్ల నేల కుంగుతోందన్న అనుమానం కోనసీమలో ఏళ్లుగా ఉంది. మొగ దగ్గర ఇసుక మేట ఏ ఏడు ఎటు జరిగిందో వేటకెళ్లేవాళ్లకు తెలుసు. ఈ జవాబుల్లో దేన్నీ అబద్ధమని తోసెయ్యలేం. ఏ ఒక్కదానితోనూ సరిపెట్టుకోలేం.

ఇలాంటి ప్రశ్నల కోసమే విశ్వవిద్యాలయాల్లో శాస్త్రాల మధ్య గోడలు దాటే పరిశోధన కేంద్రాలు పుట్టాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డెల్టాల అధ్యయనానికే ఒక సంస్థ ఉంది. 1998లో మొదలైన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ తన పరిశోధనను శాఖలుగా కాక కేంద్రాలుగా అమర్చుకుంది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విజ్ఞానశాస్త్రాన్నీ సాంకేతికతనూ సమాజంతో కలిపి చదివే పరిశోధన సాగుతోంది. ఇలాంటి చోట్ల భవనం, నిధులు, ల్యాబులతో పాటు ఒక బతుకు కూడా ఉంటుంది. వారం వారం సెమినారు, దాని తర్వాత టీ, హాస్టల్ గది, మెస్సులో భోజనం, ఏడాదికోసారి ఉత్సవం, కొత్తవాళ్లకు స్వాగతం, వెళ్లేవాళ్లకు వీడ్కోలు. ఈ బతుకు జ్ఞానం చుట్టూ కట్టిన వసారా మాత్రమేనా, లేక జ్ఞానం అనే ఇంట్లోనే ఒక గదా? దీన్ని పాలనాపరమైన విషయంగా వదిలేస్తే వార్డెను, రిజిస్ట్రారు తేల్చేస్తారు. కానీ మనిషికి సత్యం ఎలా దొరుకుతుంది, ఒంటరిగానా పదిమందితోనా అన్న పాత ప్రశ్నే ఇక్కడ కొత్త వేషంలో ఉంది. కలిసి బతకడం సత్యాన్వేషణలో విడదీయరాని భాగమని నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకానికి ఆధారాలు మన దర్శనాల్లోనూ, ఈ గోదావరి ఒడ్డునా ఉన్నాయి.

జ్ఞాని అనగానే మన మనసులో మెదిలే బొమ్మ ఒంటరి తపస్విది. గుహ, మౌనం, మూసిన కళ్లు. ఈ బొమ్మ అబద్ధమేమీ కాదు గాని, సగమే. తర్కానికి పుట్టిల్లయిన న్యాయ దర్శనాన్నే తీసుకుందాం. గౌతముడి న్యాయసూత్రాలు నాలుగో అధ్యాయం చివర తత్త్వజ్ఞానం ఎలా పెంపొందుతుందో చెబుతాయి. అడవిలో, గుహలో, ఏటి ఇసుకతిన్నె మీద కూర్చుని యోగాభ్యాసం చెయ్యాలన్న మాట అక్కడ ఉంది. అక్కడితో ఆగి ఉంటే ఒంటరి తపస్వి బొమ్మే మిగిలేది. కానీ ఆ వెంటనే, అదే మోక్షసాధన ప్రకరణంలో, ఎవరెవరితో కలిసి మాట్లాడాలో కూడా ఆయన చెప్పాడు: శిష్యులతో, గురువుతో, తనతోపాటు ఒకేచోట చదువుకునే సహాధ్యాయులతో, శ్రేయస్సు కోరే విజ్ఞులతో. వాళ్లకు ఒక షరతు పెట్టాడు, అసూయ ఉండకూడదు. తెలివి గురించీ పాండిత్యం గురించీ ముందుగా షరతు పెట్టకుండా అసూయ లేకపోవడాన్ని ఎంచుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. అసూయ ఉందో లేదో ఒక్క పూట సభలో తెలియదు. మనిషి పక్కన నాలుగు వర్షాకాలాలు బతికితే తెలుస్తుంది. గెలుపు కోసం చేసే జల్పాన్నీ, ఎదుటివాణ్ణి పడగొట్టడమే పనిగా పెట్టుకునే వితండాన్నీ పక్కన పెట్టి, సత్యం కోసం చేసే వాదాన్ని న్యాయం వేరుగా నిలబెట్టింది. ఆ వాదం సాగాలంటే సహవాసం ముందే ఉండాలి.

న్యాయానికి బద్ధవిరోధులైన బౌద్ధులు ఈ విషయంలో ఇంకా దూరం వెళ్లారు. ఓడలరేవు నుంచి వైనతేయ దాటి అవతలి గట్టుకు పోతే మామిడికుదురు మండలంలో ఆదుర్రు ఉంది. అక్కడి ఇటుకల మహాస్తూపపు పునాదులు కోనసీమలో ఒకప్పుడు భిక్షుసంఘం బతికిందనడానికి సాక్ష్యం. ఆ సంఘాలు ఊరికి దూరంగా ముడుచుకుని ఉన్నవి కావు. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఒకటి కశ్మీరం, గాంధారం నుంచి సింహళం దాకా అనేక దేశాల ప్రజలను ధర్మమార్గంలోకి తెచ్చిన ఆచార్యులను పేర్కొంటుంది, సింహళ విహారాన్ని కూడా ప్రస్తావిస్తుంది. ఇన్ని చోట్లతో, ఇన్ని భాషల వాళ్లతో సంబంధం ఉన్న విహారాల్లో కలిసి బతకడానికి నియమాలు కావాలి. ఆ నియమాల పుస్తకమే వినయం. పాళీ వినయంలోని మహావగ్గలో ఒక కథ ఉంది. నేటి ప్రతి పరిశోధన కేంద్రమూ దాన్ని తన కథగా చదువుకోవాలని నా కోరిక.

కోసల దేశంలో కొందరు భిక్షువులు, స్నేహితులే, వానాకాలం మూడు నెలలు ఒకచోట ఉండాలనుకున్నారు. గొడవలు రాకుండా ఎలా ఉండాలని ఆలోచించి, అసలు మాట్లాడుకోకూడదని ఒప్పందం చేసుకున్నారు. పనులు మాత్రం చక్కగా పంచుకున్నారు. భిక్షాటన నుంచి ముందు వచ్చినవాడు పీటలు వేసి, కాళ్లు కడుక్కునే నీళ్లు పెడతాడు. చివర వచ్చినవాడు మిగిలింది తిని, గిన్నెలు కడిగి, భోజనశాల ఊడుస్తాడు. నీళ్లకుండ ఖాళీగా కనిపిస్తే చూసినవాడు నింపుతాడు. ఒక్కడి వల్ల కాకపోతే చేత్తో సైగ చేసి ఇంకొకణ్ణి పిలుస్తాడు, ఇద్దరూ కలిసి కుండ ఎత్తుతారు, నోరు మాత్రం విప్పరు. మూడు నెలలు ఏ గొడవా లేకుండా గడిచాయి. శ్రావస్తికి వెళ్లి, మేం హాయిగా, కలిసిమెలిసి ఉన్నామని బుద్ధుడికి సంతోషంగా చెప్పుకున్నారు. ఆయన మెచ్చుకోలేదు. పశువుల్లా, గొర్రెల్లా ఒకచోట ఉండి, హాయిగా ఉన్నామని ఎలా అంటున్నారని మందలించాడు. ఆ సందర్భంలోనే ప్రవారణ అనే ఆచారాన్ని ఏర్పరిచాడు.

ఆశ్చర్యం ఏమిటంటే, మజ్ఝిమనికాయంలో చూళగోసింగ సుత్తంలో ఇదే దృశ్యం మళ్లీ వస్తుంది. గోసింగ సాలవనంలో అనురుద్ధుడు, నందియుడు, కిమిలుడు ముగ్గురూ కలిసి ఉంటారు. అవే పీటలు, అదే నీళ్లకుండ, అదే చేతి సైగ, అదే మౌనం. ఈసారి బుద్ధుడు వాళ్లను మెచ్చుకుంటాడు. రెండు చోట్లా పని విభజన ఒకటే, మర్యాద ఒకటే. మరి ఒకచోట మందలింపు, ఇంకోచోట మెప్పు ఎందుకు? గోసింగ వనంలోని వాళ్లు ఇంకో మాట చెప్పారు: ప్రతి అయిదో రోజు రాత్రంతా కూర్చుని ధర్మం గురించి మాట్లాడుకుంటామని. తమ ఇష్టాన్ని పక్కన పెట్టి తోటివాళ్ల మనసును బట్టి నడుచుకుంటామని, శరీరాలు వేరైనా మనసు ఒకటేనని కూడా అన్నారు. ఈ రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మౌనానికి విలువ ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుస్తుంది. మాట్లాడుకునే రాత్రి ఒకటి ఉన్నప్పుడే నాలుగు రోజుల మౌనం సాధన అవుతుంది. ఆ రాత్రి లేకపోతే అది కలహ భయంతో పాటించే మౌనం. ఒంటరితనం ఎంత ముఖ్యమో చెప్పి నా వాదాన్ని కొట్టేయాలనుకునేవాళ్లకు జవాబు ఇక్కడే ఉందనుకుంటాను. ఏకాంతం అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. ల్యాబులో, లైబ్రరీలో, ఒడ్డున ఇసుకలో ఒంటరిగా గడిపే గంటలు లేకుండా ఏ పరిశోధనా లేదు. అయితే ఆ గంటల్లో దొరికినదాన్ని పరీక్షకు పెట్టే చోటు ఒకటి ఉండాలి, ఆ చోట మనకు భయం లేని మనుషులుండాలి.

ప్రవారణ ఏమిటో దగ్గరగా చూడాలి, ఎందుకంటే దాని పద్ధతిలోనే దాని తత్త్వం ఉంది. వానాకాలపు నివాసం ముగిసే పౌర్ణమినాడు సంఘమంతా కూడుతుంది. మొదట లేచేది అందరిలోకీ పెద్దవాడు. ఉత్తరీయం ఒక భుజం మీదికి సర్దుకుని, గొంతుక్కూర్చుని, చేతులు జోడించి సంఘాన్ని అర్థిస్తాడు: నాలో తప్పు మీరు చూసి ఉన్నా, విని ఉన్నా, అనుమానపడి ఉన్నా, నా మీద దయతో చెప్పండి, తెలుసుకుంటే దిద్దుకుంటాను అని. ఇలా మూడుసార్లు. తర్వాత దీక్షలో పెద్దరికం వరసలో ఒక్కొక్కరూ, నిన్న చేరిన కుర్రవాడి దాకా. పెద్దలు గొంతుక్కూర్చుని అర్థిస్తుంటే కొందరు ఆసనాల మీదే ఉండిపోయారని ఫిర్యాదు రావడంతో, అందరూ గొంతుక్కూర్చోవాలన్న నియమం వచ్చింది. ఒక ముసలి భిక్షువు అంతసేపు ఉండలేక సొమ్మసిల్లి పడిపోతే, తన వంతు అయినవాళ్లు కూర్చోవచ్చని సడలించారు. అందులో మూడు సంగతులు నాకు విలువైనవి. తప్పు చెప్పమని అడిగేది తప్పు చేసే అవకాశం ఉన్నవాడే. పెద్దవాడు ముందు అడుగుతాడు కాబట్టి చిన్నవాడికి నోరు పెగులుతుంది. చూసినదే కాక, అనుమానం కూడా చెప్పొచ్చు, కాబట్టి రుజువు చేతికి వచ్చేదాకా నోరు మూసుకోనక్కర్లేదు. ఇది బౌద్ధంలో ఏ ఒక్క శాఖ ఆచారమో కాదు, అన్ని నికాయాల వినయంలోనూ ఉంది. ఆదుర్రులో ఏ నికాయం వాళ్లున్నా వానలు వెనకబట్టాక ఆ ఇటుకల నీడన ఇలా కూర్చునే ఉంటారు.

ఇప్పుడు నేటి కేంద్రాల వైపు చూద్దాం. శాస్త్రాలు కలిసే చోట తప్పులు శాస్త్రం నడిమధ్యలో దొరకవు, అంచుల్లో దొరుకుతాయి. భూవిజ్ఞాని లెక్కలో తప్పుంటే ఇంకో భూవిజ్ఞాని పట్టుకుంటాడు. కానీ ఆ లెక్కకు ముందే, ఉప్పునీరు ఎక్కడ కొలవాలన్న ఎంపికలో తప్పుంటే? ఏ నెలలో ఏ డ్రెయిన్ తలుపులు మూస్తారో, ఎప్పుడు చెరువుల్లోకి నీరు తోడతారో తెలియకుండా కొలతలు తీస్తే ఆ తప్పు భూవిజ్ఞానంలో కనిపించదు. దాన్ని పట్టుకోగలవాడు ఆ శాస్త్రానికి బయటివాడు. బయటివాడు తనకు తోచిన అనుమానాన్ని, తెలివితక్కువ ప్రశ్న అనుకుంటారేమోనన్న జంకు లేకుండా అడగాలంటే ఆ ఇద్దరి మధ్యా కలిసి తిన్న అన్నం, కలిసి తాగిన టీ ఉండాలి. మన కేంద్రాలు చాలావాటిలో జరుగుతున్నది కోసల భిక్షువుల కాపురమే. ఒకే వరండాలో ఆరు గదులు, ఆరు శాస్త్రాలు, ఉమ్మడి ప్రాజెక్టు నివేదికలో ఎవరి అధ్యాయం వాళ్లది. కుండ కలిసి ఎత్తుతారు, మాట మాత్రం లేదు. సెమినార్లు లేవా అంటే ఉన్నాయి. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి పరిచయం, శాలువా, మెమెంటో, ఫొటో ముగిసేసరికి పూట సగం గడుస్తుంది. ప్రసంగం అయ్యాక సమయాభావం వల్ల ప్రశ్నలు టీ విరామంలో అడగండి అంటారు. ప్రశ్నను తీసేసిన సభ దేనికోసమని నేను బాధగా అడుగుతున్నాను. గుర్తింపు సంస్థల తనిఖీకి ఫైలు నిండుతుంది, ఫైల్లో ఫొటో నిలుస్తుంది, ఒక పరిశోధకుడి పొరపాటు మాత్రం ఏ చేయీ తగలకుండా అచ్చుకు పోతుంది.

సభలో ఎవరు ఉండాలన్నది దీని తర్వాతి మెట్టు. ఆప్తుడి మాట ప్రమాణమని న్యాయ దర్శనం ఒప్పుకుంటుంది. ఆప్తుడంటే ఎవరు? వాత్స్యాయనుడి న్యాయభాష్యం ప్రకారం, విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని ఆయన స్పష్టంగా రాశాడు. చరకసంహిత అడవిలో మేకల కాపరులకూ గొర్రెల కాపరులకూ గోపాలకులకూ మూలికల పేర్లు, రూపాలు తెలుసంటుంది. పేరూ రూపమూ తెలిస్తే చాలదు, వాడే తీరు తెలిసినవాడే అసలు తెలిసినవాడని కూడా అంటుంది. ఆ రెండో మాటను దాచిపెట్టి మొదటిదాన్నే చూపడం న్యాయం కాదు. కాపరికి వైద్యం తెలుసని చరకుడు అనలేదు, మూలిక ఏదో తెలుసన్నాడు. ఇలాంటి రెండు తెలివిడులూ కలవకపోవడం కోనసీమకు ఎంత దుఃఖం తెచ్చిందో 2014 జూన్ 27న తెలిసింది. ఆదుర్రు ఉన్న మామిడికుదురు మండలంలోనే, నగరం గ్రామంలో తెల్లవారుజామున గెయిల్ గ్యాస్ పైపులైను పేలింది. ఇరవైమందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు ప్రవహించి లోపల తుప్పు తినేసిందని తర్వాత తేలింది. గ్యాసు వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్లు అన్నారు. తుప్పు ఎలా పడుతుందో ఊరికి తెలియదు, వాసన ఎక్కడ వస్తోందో సంస్థకు తెలియదు. రెండు తెలివిడులూ ఒక గదిలో కూర్చుని ఉంటే? అలాంటి గది అప్పుడు లేకపోయింది.

సభలో మాత్రం చోటిచ్చి భోజనాల పంక్తిలోంచి తీసేస్తే ఏమవుతుందో చెప్పే ఉదంతం తెలుగు నేల మీదే ఉంది. 2015 డిసెంబరులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థుల మీద ఒక నిర్ణయం తీసుకుంది. వాళ్లు తమ శాఖకు, కేంద్రానికి, లైబ్రరీకి, తమ అంశానికి సంబంధించిన సెమినార్లకు రావచ్చు. హాస్టళ్లలోకి, పరిపాలనా భవనంలోకి, గుంపుగా ఉమ్మడి స్థలాల్లోకి రాకూడదు. ఆ అయిదుగురిలో ఒకరైన రోహిత్ వేముల జీవశాస్త్రం చదివి, విజ్ఞానశాస్త్రానికీ సమాజానికీ ఉన్న సంబంధం మీద పరిశోధనకు వచ్చినవాడు, అంటే మనం మాట్లాడుకుంటున్న లాంటి చదువులోకే వచ్చినవాడు. హాస్టల్ గదుల నుంచి వెళ్లగొట్టాక వాళ్లు క్యాంపస్ దుకాణాల దగ్గర డేరా వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ మరణించాడు. ఆ ఉత్తర్వు న్యాయాన్యాయాల గురించి చాలా రాశారు, రాయాలి కూడా. నేను దాని అడుగున ఉన్న ఒక తాత్త్విక నమ్మకాన్ని చూడమంటున్నాను. నీ చదువు నీకు ఉంచాం, తీసేసింది నీ నివాసాన్నీ నీ తిరుగుళ్లనూ మాత్రమే అన్నది ఆ నమ్మకం. మనిషి తెలివిని అతని బతుకులోంచి విడదీసి, తెలివిని లోపలికి రానిచ్చి బతుకును గేటు బయట నిలబెట్టవచ్చని అది ఒప్పుకుంటోంది. న్యాయసూత్రాలు చెప్పిన సహాధ్యాయి ఒకేచోట బతికేవాడు. వినయం చెప్పిన సంఘం ఒకే భోజనశాల ఊడ్చేది. ఈ రెండింటి ప్రకారం ఆ ఉత్తర్వు అనుమతించిన సెమినారు అసలు సెమినారే కాదు. పంక్తిలోంచి లేపేసిన మనిషి సభలో లేచి నీ వాదంలో తప్పుందని ఎవరికి చెప్పగలడు? చెప్పినా ఎవరు వింటారు?

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. వెలివేయడం అన్యాయం కాబట్టే తప్పు; దాన్ని జ్ఞానానికి నష్టం కాబట్టి తప్పని వాదిస్తే, న్యాయాన్ని లాభనష్టాల మీద నిలబెట్టినట్టు కాదా? రేపు ఎవరైనా వచ్చి, ఫలానావాళ్లను బయట ఉంచినా పరిశోధన బాగానే సాగిందని లెక్క చూపిస్తే అప్పుడు వెలి సరైనదైపోతుందా? ఈ అభ్యంతరంలో నిజం ఉంది, దాన్ని దాటవేయను. మనిషికి గౌరవం ఇవ్వడానికి అతని వల్ల మన తెలివి పెరుగుతుందన్న కారణం అక్కర్లేదు. కానీ నా వాదం ఆ కారణాన్ని ఇవ్వడానికి కాదు. అన్యాయాన్ని అన్యాయమని ఒప్పుకోని చోట, మేం చదువుకు అడ్డు రాలేదు కదా అన్న సమర్థన ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ సమర్థన నిలవదని చూపడమే నా పని. అంబేడ్కర్ 1936లో కులనిర్మూలన మీద రాసినప్పుడు ప్రజాస్వామ్యాన్ని ప్రధానంగా కలిసి బతికే తీరుగా, అనుభవాలను ఒకరికొకరు అందించుకునే తీరుగా చూశాడు. ఆయన కొలంబియాలో జాన్ డ్యూయీ దగ్గర చదివాడు, చివరికి బుద్ధుడి సంఘం వైపు నడిచాడు. ఆ రెండు దారులూ ఈ ఆలోచన దగ్గరే కలిశాయని నేననుకుంటాను. ఆయన పేరును కోనసీమ జిల్లాకు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. కోనసీమలో కలిసి కూర్చునే గది కట్టడం ఎంత కష్టమో అంతకన్నా చెప్పనక్కర్లేదు. ఓడలరేవు కాలేజీలోనో ఇంకో కాలేజీలోనో ఒకే బెంచీ మీద అన్ని కులాల పిల్లలూ కూర్చుంటున్నారు నిజమే. బెంచీ సభ. పంక్తి సంగతి బెంచీ చెప్పదు.

కోనసీమ నుంచే ఇంకో ఎదురు ఉదాహరణ చూపవచ్చు. ఇక్కడి అగ్రహారాల్లో వేదాధ్యయనం తరతరాలుగా సాగింది. పుట్టుకతో తలుపులు మూసుకున్న చదువు అది. అయినా స్వరం తప్పకుండా, అక్షరం జారకుండా నిలిచింది. మూసిన పంక్తిలో జ్ఞానం చెడలేదు కదా అని అడగవచ్చు. దీనికి రెండు భాగాలుగా జవాబు చెబుతాను. ఆ అక్షరం నిలిచింది ఏకాంతం వల్ల కాదు. గురువు ఒకసారి చెబితే శిష్యులు రెండుసార్లు చెప్పే సంథ, గురువు ఇంట్లోనే ఏళ్ల తరబడి నివాసం, పదాలను ముందుకూ వెనక్కూ తిప్పి చెప్పే ఘనపాఠం, ఒకడు తడబడితే పక్కవాడు అందుకునే సభ, ఇవన్నీ కలిసి బతకడమే. సహవాసం లేనిదే ఆ విద్య ఒక్క తరం కూడా దాటేది కాదు. రెండో భాగం కఠినమైనది. మూసిన పంక్తి ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడగలదు, ఎందుకంటే అక్కడ తప్పు అంటే పాఠం నుంచి తొలగడం, దాన్ని పట్టుకోవడానికి పాఠం తెలిసినవాడు చాలు. కొత్త ప్రశ్నకు జవాబు వెతికేచోట పాఠం ముందే లేదు. తప్పు ఎక్కడుందో పంక్తిలో ఉన్న ఎవరికీ తెలియకపోవచ్చు. కాపాడే విద్యకు సరిపోయిన గోడ వెతికే విద్యకు ఉరి.

స్నేహం విమర్శను మెత్తబరుస్తుందన్నది మరో అభ్యంతరం. పేర్లు తెలియని సమీక్షకులు వ్యాసాన్ని చదివి తీర్పు చెప్పే పద్ధతి అందుకే వచ్చింది. కలిసి టీ తాగేవాళ్లు ఒకరి తప్పులు ఒకరు కప్పుకుంటారు, ముఠాలు కడతారు అంటారు. ఇది జరుగుతుంది, మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కువే జరుగుతుంది. అయితే అజ్ఞాత సమీక్షకుడు సాధారణంగా ఆ శాస్త్రంవాడే. అంచుల్లో ఉన్న తప్పు అతనికీ కనబడదు. పైగా అతను తీర్పు చెప్పి వెళ్లిపోతాడు, దిద్దుకునేదాకా పక్కన ఉండడు. స్నేహంలోని మెత్తదనానికి మందు స్నేహాన్ని తీసేయడంలో లేదు, స్నేహితుల మధ్యే తప్పు చెప్పే రోజును కేటాయించడంలో ఉంది. ప్రవారణలో దయతో చెప్పండి అన్న మాట అలంకారం కాదు. దయ లేనిచోట విమర్శ ఆయుధమవుతుంది, అడగని విమర్శ దాడిగా వినిపిస్తుంది. ఎవరి పక్షం వాళ్లు పట్టుకుని వాదించుకునే ఋషులను చూసి, గానుగ చుట్టూ తిరిగేవాళ్లలా మీరు ఎక్కడికీ చేరరని పునర్వసు ఆత్రేయుడు అన్నట్టు చరకసంహితలో ఉంది. ఆ ఋషులు తెలివి లేనివాళ్లు కాదు. పక్షాన్ని విడవడానికి వాళ్లకు భయం లేని చోటు దొరకలేదు.

ఇంత చెప్పాక ప్రవారణలోనే ఉన్న లోపాన్ని చెప్పకపోతే నా వాదం అబద్ధమవుతుంది. భిక్షుణులు భిక్షుణీ సంఘం ముందూ, భిక్షు సంఘం ముందూ రెండుచోట్లా తప్పులు చెప్పమని అర్థించాలి. భిక్షువులకు భిక్షుణులను అడగాల్సిన పని లేదు. భిక్షుణి భిక్షువుకు తప్పు ఎత్తి చెప్పకూడదన్న నియమం కూడా ఉంది. సగం సంఘం చూసినదీ, విన్నదీ, అనుమానించినదీ సభలోకి రాకుండానే ఆ పౌర్ణములు గడిచిపోయాయి. కాబట్టి పాత ఆచారాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి పెట్టుకోమని నేను అనను. దాని వెన్నెముకను తీసుకోవాలి. ఏడాదిలో ఒక రోజు కేంద్రమంతా కూడాలి. డైరెక్టరు ముందు లేచి తన ఏడాది పనిలో తప్పులు చెప్పమని అడగాలి, ఆ తర్వాత ఆచార్యులు, చివర స్కాలర్లు. వినేవాళ్లలో ల్యాబ్ అసిస్టెంటు, మెస్సులో వండేవాళ్లు, కొలతల కోసం కేంద్రం వెళ్లిన ఊళ్ల నుంచి రైతులూ వేటకెళ్లేవాళ్లూ, వాళ్ల ఇళ్లలోని చేపలమ్మే ఆడవాళ్లూ ఉండాలి. భోజనం ఒకే వరసలో జరగాలి. ఆ రోజు గైడుకు తప్పు చెప్పిన విద్యార్థి వైవా తేదీ, ఫెలోషిప్ కాగితాలు, హాస్టల్ గది ఆ గైడు సంతకం మీద ఆధారపడకుండా ముందే ఏర్పాటు చెయ్యాలి. అది జరగనంతకాలం ఎన్ని సభలు పెట్టినా అక్కడ నోరు తెరిచేది పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాళ్లే.